మా నాయన చార్మినార్ ఎక్కిన రోజు

ఒక అబద్ధంతో మొదలుపెడతాను. చెప్పింది నేనే.

మూడేళ్ళ కింద ప్రాజెక్టు పని మీద ఇంగ్లండులోని బ్రిస్టల్ వెళ్ళాను. ఆరు నెలలు. మొదటి నెలంతా చలికి గదికీ ఆఫీసుకీ మధ్య తిరగడంతోనే సరిపోయింది. తర్వాత ఒక శనివారం మా టీములో పనిచేసే ఇంగ్లీషాయన ఒకాయన "ఊరు చూపిస్తా రా" అని తీసుకుపోయాడు. ఊరి మధ్యలో బ్రాండన్ హిల్ అని ఒక గుట్ట ఉంది. గుట్టంతా పార్కే. దాని నెత్తిన కాబట్ టవర్. జాన్ కాబట్ అనే నావికుడు 1497లో ఆ ఊరి రేవులోనే ఓడెక్కి ఉత్తర అమెరికా తీరం చేరాడట. దానికి నాలుగొందల ఏళ్ళు నిండాయని 1897లో పునాది వేసి, మరుసటేడు పూర్తి చేశారు. ఎత్తు 105 అడుగులు. టికెట్టు లేదు. లోపల మెలికలు తిరిగే మెట్లు, ఎంత ఇరుకంటే పైనుంచి ఎవరైనా దిగుతుంటే మనం గోడకి అతుక్కుని నిలబడాలి.

పైన ఒకటే గాలి. కింద రేవు, పడవలు, వాలు మీద రంగురంగుల ఇళ్ళ వరసలు. ఆయన మాత్రం అవేవీ చూడట్లేదు. "అదిగో మా అమ్మ పుట్టిన వీధి, ఆ చెట్ల వెనక నేను చదివిన బడి" అని వేలు పెట్టి చూపిస్తున్నాడు. పగుళ్ళొచ్చాయని 2007 నుంచి 2011 దాకా ఆ టవర్ని మూసేశారట, ఆ నాలుగేళ్ళూ ఊళ్ళో ఏదో తక్కువైనట్టు ఉండేదన్నాడు. ఆపైన నా వైపు తిరిగి అడిగాడు. "మీ హైదరాబాద్‌లో నాలుగు స్తంభాల టవర్ ఉందిగా, దాని మీంచి ఊరు ఎలా కనిపిస్తుంది?"

"అద్భుతంగా ఉంటుంది. చాలాసార్లు ఎక్కాను" అన్నాను.

నిజానికి ఒక్కసారి కూడా ఎక్కలేదు.

మాది ఇబ్రహీంపట్నం. సాగర్ రోడ్డు మీద, హైదరాబాద్‌కి ముప్ఫై కిలోమీటర్లు. చార్మినార్ ముందు నుంచి ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. అక్క పెళ్ళికి గాజులు లాడ్ బజార్లో కొన్నాం. ఇంజనీరింగు చదివేటప్పుడు రంజాన్ నెలలో హలీం కోసం అర్ధరాత్రి బండి మీద వచ్చేవాళ్ళం. కింద నిలబడి ఫొటో దిగడం, చాయ్ తాగడం, వెళ్ళిపోవడం. ఇక పైనుంచి ఊరు కనబడటమంటే నాకు తెలిసింది 'ఒక్కడు'లో మహేశ్ బాబు చూసిందే. 2003లో వచ్చిన ఆ సినిమాలోది కూడా సెట్టింగే కదా :)

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, చార్మినార్ని మనం బొమ్మ చేసేసుకున్నాం. సిగరెట్ పెట్టె మీద చార్మినార్, రైలుకి చార్మినార్ పేరు, 2014లో కొత్త రాష్ట్రం వస్తే రాజముద్రలోనూ చార్మినార్. బొమ్మని చూస్తాం గానీ బొమ్మలోకి ఎక్కుతామా? అందుకే ఎక్కలేదు. ఇది నేను తర్వాత తీరిగ్గా తయారుచేసుకున్న జవాబనుకోండి. అసలు జవాబు "ఎక్కడికి పోతుందిలే, ఎప్పుడైనా ఎక్కొచ్చు" అన్నదే.

తిరిగొచ్చాక కూడా చాన్నాళ్ళు ఎక్కలేదు. ఇంట్లో పరిస్థితి వేరుగా ఉంది.

మా నాయన మేస్త్రీ. తాతది పెద్దచెరువు కింద రెండెకరాల తరి. చెరువులోకి నీళ్ళు రావడం తగ్గిపోయి పొలం పడావు పడ్డాక నాయన తాపీ పట్టాడు. పొద్దున్నే 277 బస్సెక్కి ఎల్బీనగర్ అడ్డా మీద నిలబడేవాడు, ఎవరు పిలిస్తే వాళ్ళ పనికి. తర్వాత చేయి కుదిరి పెద్ద బిల్డింగుల గిలాబు పనులు దొరికాయి. ముప్ఫై ఏళ్ళు పరంజాల మీదే గడిచాయి. నా ఇంజనీరింగు ఫీజు ఆ సున్నంలోంచి, సిమెంటులోంచి వచ్చిందే. నేను బ్రిస్టల్లో ఉన్నప్పుడు ఒకరోజు మూడో అంతస్తులో పని చేస్తూ కళ్ళు తిరిగి కూలబడ్డాడు. అదృష్టం, లోపలివైపుకి పడ్డాడు. నాకు చెప్పొద్దన్నాడట. వచ్చాకే తెలిసింది. డాక్టర్ చూసి ఎత్తులెక్కే పని మానెయ్యమన్నాడు. మేమూ అదే పట్టు పట్టాం. నేను సంపాదిస్తున్నాగా, ఇంకెందుకు అన్నాను. చాలా గొప్ప మాట అన్నాననుకున్నాను అప్పుడు.

ఆ తర్వాత నాయన మాట్లాడటం తగ్గించేశాడు. పొద్దంతా అరుగు మీద కూర్చుని, ఎదురుగా కడుతున్న ఇంటి గోడ ఎంత లేచిందో చూస్తుండేవాడు. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో నేను మీటింగులో ఉంటే కిటికీలోంచి కనిపించేవాడు.

పోయిన డిసెంబర్లో ఒక ఆదివారం అడిగాను.

"నాయనా, చార్మినార్ పోదామా? పైకెక్కి చూద్దాం."

"ఏముంటదిరా ఆడ? ఎక్కుడు దిగుడేనాయె నా బతుకంతా. పైకెక్కితే పైసలిస్తరా?"

"నేను కూడా ఎక్కలేదు. ఒక్కడినీ పోబుద్ధి కాదు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి పోయి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అమ్మ నన్ను పక్కకి పిలిచి, "మెట్లెక్కితే మళ్ళ కండ్లు తిరిగితే ఎట్లరా?" అంది. నాకూ అదే భయం. కానీ చొక్కా వేసుకున్న మనిషిని ఎలా ఆపను?

ఎల్బీనగర్లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్ దగ్గర దిగాం. అక్కణ్ణించి ఆటోలో మదీనా దాకా పోయి, పత్థర్‌గట్టీ మీదుగా నడిచాం. దారి పొడుగునా నాయన నాకు బిల్డింగులు చూపిస్తూనే ఉన్నాడు, ఇది రాతి కట్టుడు, ఇది మొన్న చేసిన గిలాబు, ఇది వచ్చే వానలకి ఊడుతది అని. ఏడాదిన్నరలో అన్ని మాటలు విన్నది అదే.

టికెట్ తీసుకున్నాం. సినిమా హాల్లో పాప్‌కార్న్ డబ్బాకయ్యే ఖర్చులో ఇద్దరమూ లోపలికి పోవచ్చు. ఇంతకీ పైఅంతస్తు దాకా మొత్తం 149 మెట్లని రాస్తారు గానీ, ఇప్పుడు జనాన్ని రానిచ్చేది మొదటి అంతస్తు దాకానే. మినార్ల లోపలి నుంచి కొసదాకా వెళ్ళనివ్వరు. ఆ కొస నేలనుంచి 160 అడుగుల పైమాటే.

మెట్లు మినారు లోపలే మెలికలు తిరుగుతూ పోతాయి. ఒక్కో మెట్టూ మోకాలికి పరీక్షే. వెలుతురు తక్కువ. నాయన ముందు, నేను వెనక. తూలితే పట్టుకోవాలని రెండు చేతులూ చాచి ఎక్కుతున్నాను. నాయన మెట్లు లెక్కపెడుతూ నలభై దగ్గర ఆయాసానికి వదిలేశాడు. ఇంకాస్త పైన ఉన్నట్టుండి ఆగి గోడకి చెయ్యి ఆనించాడు. నా గుండె ఆగినంత పనైంది.

"నాయనా, కండ్లు తిరుగుతున్నయా?"

"ఆగురా.. డంగు సున్నం ఇది. చెయ్యి పెట్టి చూడు. సిమెంటు గిట్ల ఉండదు."

చెయ్యి పెట్టాను. చల్లగా, నున్నగా ఉంది. వెనకాల జనం తోసుకొస్తుంటే, "జర ఆగున్రి" అని వాళ్ళకి కూడా చెప్పి మరీ తడిమాడు. ఒకే సున్నం నాలుగొందల ఏళ్ళు నిలబడటమంటే మేస్త్రీకి అది దేవుడి విగ్రహం కంటే తక్కువేం కాదు. 2019 మేలో ఒక మినారు మీది సున్నపు పెచ్చు ఊడిపడినప్పుడు, టీవీ ముందు ఇంట్లో మనిషికి దెబ్బ తగిలినట్టు కూర్చున్నాడు. అప్పుడు నాకది అర్థం కాలేదు.

పైకి వచ్చాం. మొదట నాయన అంచు దగ్గరికి రాలేదు. వెనకాల గోడకి ఆనుకుని ఊపిరి తీసుకున్నాడు. నేను ఒక్కో వైపూ తిరిగి చూశాను. ఉత్తరాన గుల్జార్ హౌజ్, దాని చుట్టూ నాలుగు కమాన్లు. పడమరన లాడ్ బజార్ జిగజిగలు. నైరుతిలో మక్కా మసీదు. కుతుబ్‌షాహీలు మొదలుపెడితే ఔరంగజేబు 1694లో పూర్తి చేయించాడు. ఆ ముంగిట్లో పావురాలు ఒక్కసారిగా లేచి వాలుతున్నాయి. కిందైతే నాలుగు రోడ్ల గందరగోళంలా కనిపించేది, పైనుంచి చూస్తే గీత గీసి కట్టిన ఊరు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో ముందు దీన్ని నడిబొడ్డున నిలబెట్టి, నాలుగు దిక్కులకీ నాలుగు వీధులు లాగి ఊరు పరిచాడు. ప్లేగు తగ్గినందుకు కట్టాడని కొందరంటారు, హిజ్రీ వెయ్యో ఏడాదికి గుర్తుగా అని కొందరంటారు. ఎందుకు కట్టినా, ఆ ఊరి నక్షా అర్థం కావాలంటే దీన్ని ఎక్కాల్సిందే.

అప్పటికి నాయన మెల్లిగా అంచు దగ్గరికి వచ్చాడు.

"మన ఊరు ఎటు దిక్కురా?"

నేను ఫోన్ తీసి మ్యాప్ తెరిచాను. అది లోడవుతూ ఉంది. ఈలోపల ఆయన పొద్దు ఎటుందో చూసి, యునానీ దవాఖాన మీదుగా ఆగ్నేయం మూలకి చెయ్యి చాపాడు. "గటు." ఫోన్ కూడా కాసేపటికి అదే చెప్పింది.

ఏమీ కనబడదు, నిజమే. వాటర్ ట్యాంకులు, సెల్ టవర్లు, పొగమంచు. అయినా ఇద్దరం అటే చూస్తూ నిలబడ్డాం. అప్పుడు నాకు ఇంగ్లీషాయన వేలు గుర్తొచ్చింది. ఎవడైనా టవరెక్కి మొదట వెతుక్కునేది తన ఇంటినే. బ్రిస్టల్లో నేను చూసింది వాళ్ళ ఊరి బొమ్మ మాత్రమే, అక్కడ నాకు వెతుక్కోవడానికి ఏమీ లేదు.

"మన చెరువు తవ్విచ్చిన రాజు కొడుకేనట కదరా ఇది కట్టింది?" అన్నాడు నాయన.

అవును. మా ఊరి పేరులోని ఇబ్రహీం ఆ ఇబ్రహీం కుతుబ్‌షానే. రాజు కాకముందు ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకున్నాడు. తెలుగు వంటబట్టించుకున్నాడు. మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు, అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. 1550 నుంచి 1580 దాకా ఏలి, మా పెద్దచెరువు తవ్వించాడు, పురానాపూల్ కట్టించాడు. తండ్రి చెరువు తవ్విస్తే కొడుకు ఊరు కట్టాడు. ఆ చెరువు ఎండితే ఈ ఊరికి కూలికొచ్చినవాడు మా నాయన. ఇదంతా నేను ఎక్కడెక్కడో చదివి తెలుసుకున్నది, ఆయనకి ఒక్క ముక్కలో తెలుసు.

"అలుగు పోసిన నాడు నువ్వు లేకుంటివి గని.." అని మొదలుపెట్టి, 2022లో చెరువు నిండి అలుగు దూకినప్పుడు ఊరంతా వెళ్ళి ఎలా చూశారో మళ్ళీ చెప్పాడు. ఆ రోజు తాత లేడే అని ఏడ్చాడట. ఆ ముక్క మాత్రం మొదటిసారి విన్నాను.

దిగేముందు గోడ మీద గీతలు చూశాడు. మేకుతోనో తాళంచెవితోనో చెక్కిన పేర్లు, బాణం దూసిన గుండెలు, తేదీలు. వేలితో ఒక పేరు మీద రాశాడు. "నేను యాభై ఇండ్లకన్నా తక్కువ కట్టి ఉండను. ఒక్క ఇంటి మీద నా పేరు లేదు. ఈళ్ళు ఒక్క ఇటుక పెట్టలే, పేరైతే రాసుకున్నరు."

ఎవరెవరినో తిడుతున్నట్టే అన్నాడు గానీ, నాకు కాస్త తగిలింది. రోజూ ఎవరో రాసిన కోడులో నాలుగు లైన్లు మార్చి, పైన నా పేరు పెట్టుకునే ఉద్యోగం నాది.

ఎక్కడం కంటే దిగడం కష్టమైంది. మోకాలు పట్టేస్తే నా భుజం మీద చెయ్యేశాడు. నా చిన్నప్పుడు జాతరలో నేను ఆయన భుజం మీద ఉండేవాణ్ణి. కళ్ళు మాత్రం తిరగలేదు.

ఆ రాత్రి బ్రిస్టల్ ఆయనకి ఫొటో పంపి నిజం చెప్పేశాను. అప్పుడు చెప్పింది అబద్ధం, ఇవాళే మొదటిసారి ఎక్కాను అని. పొద్దున జవాబొచ్చింది. తను కూడా ముప్ఫై ఏళ్ళు వచ్చేదాకా వాళ్ళ టవర్ ఎక్కలేదట, అదీ బయటూరి నుంచి ఎవరో చుట్టం వస్తే చూపించడానికి. పోనీలెండి, ఈ రోగం మనొక్కళ్ళదే కాదు.

ఇప్పుడు నాయన వారానికి రెండు మూడు రోజులు ఎదురింటి పనికి పోతున్నాడు. కూలికి కాదు, పరంజా కూడా ఎక్కడు. కింద కుర్చీలో కూర్చుని కొత్త పిల్లలకి తాపీ ఎలా పట్టాలో చెబుతాడు. వాళ్ళు ఎంతవరకు వింటారో తెలియదు. అరుపులు మాత్రం నా మీటింగుల్లోకి కూడా వినిపిస్తున్నాయి. మ్యూట్ చేసుకుంటున్నాను, అంతే.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మీ ఊళ్ళో కూడా "ఎప్పుడైనా ఎక్కొచ్చు" అనుకునే బురుజో కోటో గుట్టో ఉండే ఉంటుంది. అది నాలుగొందల ఏళ్ళుగా ఉంది, ఇంకా ఉంటుంది. మోకాళ్ళకి అంత టైము లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కగలిగినప్పుడే తీసుకెళ్ళండి. కళ్ళు తిరుగుతాయేమోనని వెనకాల రెండు చేతులూ చాచి ఎక్కండి, తప్పులేదు.