ఫాదర్‌కు జోహార్లు



2009 జూన్ 19న అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ కన్నుమూశారు. మా ఒంటిమిట్ట నుంచి ఆయనకు జోహార్లు.

స్పెయిన్ నుంచి 1952లో జెస్విట్ మిషనరీగా వచ్చారు. మహారాష్ట్ర మన్మాడ్‌లో రైతులతో బావులు తవ్వించారు. 1968లో దేశం వదిలి పొమ్మన్నారు. 1969లో తిరిగొచ్చి అనంతపురం కరువు సీమలో ఆర్డీటీ మొదలుపెట్టారు. మరుసటేడు జెస్విట్ సంఘాన్ని వదిలేశారు. అయినా మాలమాదిగ వాడలకు చివరిదాకా ఫాదరే.

ఇప్పుడాయన్ని దేవుణ్ణి చేస్తున్నారు. వద్దు. మా ఊళ్లో రాముడి కళ్యాణానికి సర్కారే పట్టువస్త్రాలు తెస్తుంది. మనకు దేవుళ్ల కొదవ లేదు. ఫాదర్ దేవుడైతే వాడకొచ్చిన ఇల్లు, బడి, ఆస్పత్రి వరాలైపోతాయి. అవి మన హక్కులు. సర్కారు ఎగ్గొట్టిన బాకీలో కొంత ఆయన తీర్చారు. ఫొటోకు దండ వేద్దాం. మిగతా బాకీ సర్కారునే అడుగుదాం.

జై భీమ్.