కాఫీ తోటలో ఫొటోలు

పోయిన డిసెంబరులో మేము ముగ్గురం అనంతగిరి వైపు ఒక కాఫీ తోటకి ఫొటోలు తీయడానికి వెళ్లాం. ముగ్గురం ఒకే ఆశ్రమ పాఠశాలలో చదివినవాళ్లం. ఒకరు టీచరు, ఒకరు విశాఖలో షాపులో పని, ఒకరికి ఇంకా ఉద్యోగం రాలేదు. కెమెరా మాది కాదు. పెళ్లి ఫొటోలు తీసే ఒక అన్నని బతిమాలి రెండు రోజులకి తెచ్చుకున్నాం.

ఏడు గంటలైనా ఘాట్ రోడ్డు మీద మంచు లేవలేదు. నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకొని మిరియం పాదులు, కింద కాఫీ మొక్కలు, కొమ్మల నిండా ఎర్రని పళ్లు. చెట్ల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా దిగుతోంది. కెమెరా ఎటు తిప్పినా ఫొటోయే. సినిమావాళ్లు ఊరికే వస్తారా ఇక్కడికి!

ఒక పండు తెంపి నోట్లో వేసుకున్నాం. అంతే, చిన్నతనం వచ్చేసింది. పండు మీద తోలు తియ్యగా ఉంటుంది. అది చప్పరించి గింజ ఎవరు దూరం ఉమ్మితే వాళ్లే గెలిచినట్టు. అమ్మలు పళ్లు కోస్తుంటే మేము ఈ చెట్ల కిందే తిరిగేవాళ్లం. చోడి అంబలి తాగి ఎండుటాకుల మీద నిద్రపోయేవాళ్లం. ఫీజులు లేవు, ఉద్యోగం నోటిఫికేషన్లు లేవు, ఫోనులో అప్పులవాళ్లు లేరు. 'ఆ రోజులే బాగున్నాయిరా' అని ముగ్గురం అనుకున్నాం. ఆ మాట అబద్ధం అని ఇప్పటికీ అనం.

అప్పుడే ఫ్రేములోకి ఒక ఆవిడ వచ్చింది. నడుముకి గోనెసంచి, తల మీద గుడ్డ, చేతులు జిగురు జిగురుగా ఉన్నాయి.

"పిన్నీ, కొంచెం పక్కకి జరుగు, ఫొటో తీస్తున్నాం" అన్నాం.

ఆవిడ జరిగింది. జరిగి, మా మొహాలు చూసి, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగింది. చెప్పాం. మాలో ఒకరి అమ్మ పేరు ఆవిడే చెప్పింది. "మేమిద్దరం ఒకే వరసలో కోసేవాళ్లం. బాగుందా?" అంది. సంచి సర్దుకొని వెళ్లిపోయింది. సాయంత్రం తూకం వేళకి సంచి నిండాలి కదా. ఆవిడతో ఒక ఫొటో తీసుకుందామన్న ఆలోచన మాకు ఆమె వెళ్లాక వచ్చింది.

అప్పట్లో మా ఊరికి తోట అంటే కూలికి పోయే చోటు. ఇప్పుడు మా వాళ్లలో చాలా ఇళ్లకి సొంతంగా ఎకరమో, రెండెకరాలో కాఫీ ఉంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మేమూ పండగ చేసుకున్నాం. అయినా కెమెరా చేతికి రాగానే టూరిస్టుల కళ్లతోనే చూశాం. ఎవరూ నేర్పకుండానే కోసే మనిషిని పక్కకి జరిపాం.

ఆ రాత్రి ఆ అమ్మకి ఫొటోలు చూపించాం. మంచు చూడలేదు, ఎండ గీతలు చూడలేదు. ఫోను కంటికి దగ్గరగా పెట్టుకొని, "గడ్డి తీయలేదేట్రా? ఈ పాదు ఎండిపోతోంది కదా" అంది. తర్వాత చాలాసేపు ఒక చెట్టునే చూసింది.

"మీకు ఆటలురా. చేతులు కొమ్మ మీదున్నా నా చెవి మాత్రం మీ వైపే. ఏ పాము వచ్చిందో, ఏడుపు వినిపిస్తాదో అని. మీరు నిద్రపోతే ఇంకా భయం, చప్పుడుండదు కదా."

మేమేమీ అనలేదు. ఆమే మళ్లీ, "మార్చిలో వాన పడితే పూత వస్తాది. తోటంతా తెల్లగా, మల్లెల వాసన. రెండు మూడు రోజులే ఉంటాది. అప్పుడు తీయండి. నేనూ వస్తాను, పని లేకుండా ఆ తోట ఒక్కసారీ చూడలేదు" అంది.

కెమెరా అన్నని మార్చికి ఇప్పుడే అడిగి ఉంచాం. వాన ఏ రోజు పడుతుందో చెప్పలేం కాబట్టి ఆయన ఇంకా సరే అనలేదు.