పొరల వెనుక దోషం

శ్రీకాకుళం జిల్లాలో వంశధారా నదీతీరాన ముఖలింగం అనే ప్రాచీన క్షేత్రం ఉన్నది. అక్కడి ఆలయాలలో నిలిచి ఉన్న శాసనాలను పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకాలలో గిడుగు వేంకట రామమూర్తి పరిశీలించారు. ఆయన పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయులు. పురాలిపి పరిజ్ఞానం ఆయనకు గురుముఖతః లభించినది కాదు, స్వయంకృషితో సాధించుకొన్నది. తూర్పు గాంగుల రాజధాని అయిన కళింగనగరం ముఖలింగమేనని ఆయన వాదించినది ఆ శాసనాల ఆధారంతోనే. చెరిగిన అక్షరం ఎదురైనపుడు నిజమైన శాసనపాఠకుడు ఊహతో ఖాళీని పూరించి ముందుకు సాగడు. కనబడుతున్న గీత ఏమిటో మొదట చూస్తాడు. ఆ గీత ఏయే అక్షరాలకు చెందగలదో ఆలోచిస్తాడు. పొసగని వాటిని ఒకటొకటిగా త్రోసివేస్తాడు.

ఈనాటి విద్యార్థికి కంప్యూటరు తెర మీద కూడా ఇటువంటి శాసనాలు ఎదురవుతాయి. కంప్యూటరు తాను చేసిన ప్రతి పనినీ, చేయలేకపోయిన ప్రతి పనినీ వరుసగా వ్రాసి పెడుతుంది. ఆ వ్రాతను లాగ్ అంటారు. యంత్రం మొరాయించినపుడు దానిని చదివేవారు తక్కువ. మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టేవారు, తెలిసినవారిని బతిమాలుకొనేవారు ఎక్కువ. లినక్స్ వ్యవస్థను తన చేతులతో నిర్మించుకొన్నవానికి మాత్రం ఆ వ్రాతను చదవక తప్పదు. అతని యంత్రం వంటిది మరొకరి వద్ద ఉండదు. కనుక దాని రోగం కూడా అచ్చంగా అదే రూపంలో మరొకరికి వచ్చి ఉండదు.

లినక్స్ అనేది 1991లో ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన కెర్నెల్. కంప్యూటరులోని పరికరాలకూ మనం నడిపే ప్రోగ్రాములకూ నడుమ నిలిచే మూలభాగమే కెర్నెల్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ పథకంలోని ఉపకరణాలు దానికి తోడై సమగ్రమైన వ్యవస్థ ఏర్పడింది. దీని మూలరచన ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. సాధారణంగా జనులు ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటి సిద్ధరూపాలను తెచ్చుకొంటారు. అది వడ్డించిన విస్తరి. 1999లో జెరార్డ్ బీక్‌మన్స్ ఆరంభించిన ‘లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్’ అనే పుస్తకం మరొక మార్గాన్ని చూపింది. అందులో విస్తరి ఉండదు. వడ్లు దంచుకొనడం నుండి మొదలు. కంపైలరును, సి లైబ్రరీని, కమాండ్ల ఉపకరణాలను, చివరకు కెర్నెల్‌ను కూడా మూలరచన నుండి వరుసక్రమంలో తయారుచేసుకోవాలి. ఇందులో వరుసే ప్రధానం. రెండవ రోజున విడిచిన మెట్టు అయిదవ రోజున కాలు మెలిపెడుతుంది.

ఆ మెలిక ఎటువంటిదో ఒక ఉదాహరణ చూడవచ్చు. నిర్మాణం ముగిసి, విద్యార్థి తొలిసారిగా తన వ్యవస్థను మేల్కొలుపుతాడు. అక్షరాల వరుసలు గబగబా కదలిపోయి హఠాత్తుగా ఆగిపోతాయి. మూల ఫైల్‌సిస్టమ్‌ను జతచేయలేకపోయాననీ, ఇక నడవలేననీ కెర్నెల్ ప్రకటిస్తుంది. దీనికే కెర్నెల్ పానిక్ అని పేరు. హార్డ్‌డిస్క్ చెడిపోయిందన్న భయం ఆ క్షణాన కలగడం సహజమే. కాని డిస్క్ తరచుగా నిర్దోషి. డిస్క్‌ను నడిపే డ్రైవరును కెర్నెల్‌లో అంతర్భాగంగా కాక విడి మాడ్యూలుగా తయారుచేసి ఉండవచ్చు. ఆ మాడ్యూలు ఉండేది డిస్క్ మీదనే. డిస్క్‌ను చదవడానికి డ్రైవరు కావాలి, డ్రైవరును తేవడానికి డిస్క్‌ను చదవాలి. తాళంచెవిని ఇంటిలోనే ఉంచి తలుపు మూసుకొని వచ్చినవాని స్థితి ఇది. సిద్ధరూప వ్యవస్థలలో ఈ చిక్కు తెలియకపోవడానికి కారణం, అవి తొలి క్షణాలకు అవసరమైన డ్రైవర్లను ఒక చిన్న తాత్కాలిక వ్యవస్థలో మూటకట్టి వెంట తెచ్చుకొంటాయి.

డ్రైవరు సరిగానే ఉన్నప్పటికీ డిస్క్ పేరు మారి ఉండవచ్చు. నిన్న మొదటి డిస్క్‌గా లెక్కకు వచ్చినది, మరొక డిస్క్‌ను తగిలించినందువలన ఈనాడు రెండవది కావచ్చు. అందుచేత వరుసను బట్టి వచ్చే పేరు కన్న, విభాగానికి స్థిరంగా ఉండే గుర్తింపు సంఖ్యను వ్రాసుకొనడం మేలు. ఇన్ని సంభావ్యతలలో ఏది నిజమో తేల్చేది ఆ ప్రకటనకు ముందు కదలిపోయిన వరుసలే. అక్కడ కెర్నెల్ తనకు కనబడిన డిస్క్‌ల జాబితాను చెప్పి ఉంటుంది. జాబితా ఖాళీ అయితే డ్రైవరు లోపం. డిస్క్ పేరు ఉన్నచో చిరునామా లోపమో, ఫైల్‌సిస్టమ్ లోపమో అయి ఉంటుంది.

చివరి వాక్యం తాటికాయంత అక్షరాలతో భయపెడుతుంది గాని, కారణం ఎప్పుడూ దానికి పైన ఎక్కడో ఉంటుంది. కంపైల్ చేసేటప్పుడు కూడా ఇంతే. నాలుగు పనులు ఏకకాలంలో నడుస్తున్నపుడు ఒకటి విఫలమైతే, తక్కిన మూడింటి మాటలు దాని మీద పడి తొలి దోషాన్ని కప్పివేస్తాయి. అప్పుడు ఒక్కొక్క పనినే నడిపించి చూడడం అనుభవజ్ఞుల పద్ధతి. బీక్‌మన్స్ ఆరంభించిన ఆ పుస్తకంలో మరొక చక్కని ఏర్పాటు ఉన్నది. కంపైలరు తయారుకాగానే ఏ పనీ చేయని ఒక శూన్యమైన ప్రోగ్రామును దానితో తయారుచేయిస్తారు. ఆ ప్రోగ్రాము తనకు కావలసిన లైబ్రరీని ఏ మార్గంలో వెదకుకొంటున్నదో పరీక్షిస్తారు. మార్గం సరిగా లేకపోతే అక్కడే ఆగాలి. ముందుకు పోతే ఆ తరువాత కట్టిన గోడలన్నీ వంకరగానే లేస్తాయి.

కాన్ఫిగరేషన్ ఫైళ్ళ విషయానికి వస్తే, ప్రాచీన గ్రంథ పరిష్కర్తల పద్ధతి ఇక్కడ యథాతథంగా పనికివస్తుంది. ఈ ప్రాంతానికి ఆ విద్యతో పరోక్ష సంబంధం కూడా ఉన్నది. మాక్స్ ముల్లర్ పరిష్కరించిన సాయణభాష్య సహిత ఋగ్వేదం రెండవ ముద్రణ 1890–92 సంవత్సరాలలో వెలువడినది విజయనగరం మహారాజు పోషణతోనే. పరిష్కర్త అనేక ప్రతులను ప్రక్కప్రక్కన ఉంచి పాఠభేదాలను గుర్తిస్తాడు. ఏ లేఖకుని చేతిలో ఏ తప్పు చొరబడినదో ఆరా తీస్తాడు. తన సవరణ వలన పాతపాఠం అదృశ్యం కాకుండా చూస్తాడు. వ్యవస్థను నిర్మించేవాడు కూడా ప్రతి మార్పుకు ముందు పాత ఫైలుకు ఒక నకలు తీసి ఉంచుకోవాలి. రెండు ప్రతులలోని తేడాలను పంక్తి పంక్తికీ చూపించే డిఫ్ అనే ఉపకరణం లినక్స్‌లో ఉన్నది. ఒకసారి ఒక్క పాఠాన్నే మార్చాలి. ఆత్రంతో మూడు చోట్ల దిద్దినవానికి యంత్రం బాగుపడినా ఏ దిద్దుబాటు వలన బాగుపడినదో తెలియదు. తెలియని బాగు మళ్ళీ చెడితే దిక్కు ఉండదు.

కొన్ని చిక్కులు ఫైళ్ళలో ఉండవు, పరిసరాలలో ఉంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటినపుడు ఉద్దానం కొబ్బరితోటలతో పాటు విద్యుత్ స్తంభాలు కూడా నేలకూలాయి. ఇటువంటి తీరంలో కరెంటు చెప్పిపోదు. ఎక్స్‌టీ4 వంటి ఫైల్‌సిస్టమ్‌లు తమ మార్పులను ముందుగా ఒక చిట్టాలో వ్రాసుకొంటాయి కనుక నిర్మాణం చాలావరకు నిలుస్తుంది. అప్పుడే వ్రాస్తున్న ఫైలులోని విషయం మాత్రం అర్ధాంతరంగా మిగిలిపోవచ్చు. పాత కంప్యూటరులో గడియారపు బ్యాటరీ అయిపోయి, కాలం ఏళ్ళు వెనుకకు పోతే మరొక విచిత్రం జరుగుతుంది. మేక్ అనే ఉపకరణం ఫైళ్ళ తేదీలను పోల్చి, ఏది మళ్ళీ తయారుచేయాలో నిర్ణయిస్తుంది. భవిష్యత్తులో పుట్టిన ఫైళ్ళను చూసి అది తికమకపడుతుంది. మూలరచనలో ఒక్క దోషమూ ఉండదు. దోషమంతా గోరంత బ్యాటరీలో.

ఇంత శ్రమపడి నిలబెట్టిన యంత్రంలో విద్యార్థి ఒక ఫైలుకు ‘కథలు’ అని తెలుగులో పేరు పెడతాడు. తెర మీద ప్రశ్నార్థకాలు వస్తాయి. ఈ ఒక్క సందర్భాన్ని నిదానంగా పరిశీలిస్తే దోషాన్వేషణ అంటే ఏమిటో బోధపడుతుంది. పైగా తన యంత్రం తన భాషను చూపలేకపోవడం తెలుగువానికి చిన్న లోపం కాదు.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణం నుండి తెలుగు లిపికి 128 స్థానాల గడి ఒకటి కేటాయింపబడి ఉన్నది. ‘క’ అక్షరం సంఖ్య 3093. యూటీఎఫ్-8 పద్ధతిలో దీనిని 224, 176, 149 అనే మూడు బైట్లుగా నిలువచేస్తారు. ఆ మూడు బైట్లు కంటికి అక్షరంగా కనబడేలోపు అనేక పొరలను దాటాలి. ఏ పొరలో లోపం ఉన్నదో తెర మీది చిహ్నమే చెబుతుంది.

ప్రశ్నార్థకాలు కనబడితే సాధారణంగా లొకేల్ లోపం. వినియోగదారుడు ఏ దేశపు ఏ భాషను, ఏ లిపి సంకేతాన్ని వాడుతున్నాడో వ్యవస్థకు తెలిపే ఏర్పాటును లొకేల్ అంటారు. సిద్ధరూప వ్యవస్థలలో దానిని ఎంచుకొంటే చాలు. స్వయంనిర్మిత వ్యవస్థలో భారతదేశపు తెలుగుకు చెందిన లొకేల్‌ను నిర్మాత స్వయంగా తయారుచేయాలి. ఆ పని మరచిపోతే ప్రోగ్రాములు ఇంగ్లీషు మాత్రమే ఎరిగిన పాత స్థితికి జారుకొని, తెలియని బైట్లకు బదులు ప్రశ్నార్థకాలను ఉంచుతాయి. అట్లాకాక రోమన్ అక్షరం ఒకటి తలపై వాలుగీతతో, దాని ప్రక్కన ఉష్ణోగ్రత డిగ్రీల సున్న పదే పదే కనబడుతూ ఉంటే, అది మరొక రకం పొరపాటు. తెలుగు అక్షరాలన్నీ 224 అనే బైటుతో మొదలవుతాయి. తరువాతిది 176 గాని 177 గాని అవుతుంది. పాత ఐరోపా సంకేత పట్టికలో 224 వాలుగీత గల అక్షరం, 176 డిగ్రీ గుర్తు. అనగా బైట్లు క్షేమంగానే ఉన్నాయి; చదివేవాడు తప్పు పట్టికతో చదువుతున్నాడు. ఫైలు పాడైపోయినదని దానిని తుడిచివేసేవారు ఈ సంగతి ఎరుగరు.

చిన్న చిన్న పెట్టెలు వస్తే ఫాంటు లేదని అర్థం. లొకేల్ సరిపోయింది, బైట్లు సరిపోయినవి, ఆ సంఖ్యకు బొమ్మ గీయడానికి మాత్రం వ్యవస్థలో ఎవరూ లేరు. తెలుగుకు స్వేచ్ఛగా పంచుకోదగిన ఫాంట్లకు కొదవ లేదు. లోహిత్ తెలుగు ఉన్నది, పోతన ఉన్నది. ఈ సీమవారికి మరింత ఆత్మీయంగా గిడుగువారి పేరిట ఒకటి, విజయనగరంలో కన్యాశుల్కం రచించిన గురజాడవారి పేరిట మరొకటి ఉన్నాయి. అలంకారప్రాయమైన శీర్షికలకు గురజాడ ఇంపుగా ఉంటుంది గాని, చిన్న అక్షరాలలో పుటలకొద్దీ చదవడానికి లోహిత్ వంటివే నయం. ఫాంటును తెచ్చి డైరెక్టరీలో ఉంచగానే సరిపోదు. ఫాంట్‌కాన్ఫిగ్ అనే ఉపకరణం తన పట్టికను తాజాపరచుకోవాలి. తెలుగుకు ఏయే ఫాంట్లు ఉన్నాయో దానినే అడిగి తెలుసుకోవాలి.

మూడవది అన్నింటికన్న సూక్ష్మమైనది. అక్షరాలు కనబడతాయి, కాని ‘క్ష’ అన్నచోట క, దాని ప్రక్కన పొల్లు, ఆపైన ష విడివిడిగా నిలుస్తాయి. ఒత్తు కిందికి దిగదు. యూనికోడ్‌లో క్షకారానికి ప్రత్యేక స్థానం లేదు. 3093, 3149, 3127 అనే మూడు సంఖ్యల కూడిక అది. ఆ కూడికను చూసి, ఫాంటులోని నియమాలను అనుసరించి సంయుక్తాక్షరాన్ని కూర్చే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది. విద్యార్థి తన చిత్రలేఖన లైబ్రరీలను తయారుచేసేటప్పుడు హార్ఫ్‌బజ్ ముందుగా సిద్ధంగా లేకపోతే, కొన్ని అది లేకుండానే మౌనంగా తయారైపోతాయి. దోషం ఉన్నదని ఎవరూ చెప్పరు. వారం తరువాత ‘అక్షరం’ అన్న మాటే విరిగి కనబడినపుడు ఆ మౌనం బయటపడుతుంది. మళ్ళీ వెనుకకు పోయి సరైన వరుసలో తయారుచేయడమే దారి.

సంయుక్తాక్షరాలను కూర్చడం పెద్ద సంస్థలకు కూడా సులభం కాదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞాకారానికి చెందిన ఒకానొక సంకేతాల వరుసను చూపబోయి ఐఫోన్లలోని ప్రోగ్రాములు కుప్పకూలాయి. జ్ఞానమనే మాటకు మొదటి అక్షరమే అది కావడం విధివిలాసం. ఆ నెలలోనే సంస్థ సవరణను విడుదల చేసింది.

ఇవన్నీ దిద్దుకొన్న తరువాత కూడా కెర్నెల్ చూపే నల్లని కన్సోల్ తెర మీద తెలుగు రాదు. అక్కడ విద్యార్థులు రోజులకొద్దీ లేని దోషాన్ని వెదకుతారు. ఆ కన్సోల్ ఫాంటులో 512 బొమ్మలకు మించి చోటు లేదు. సంయుక్తాక్షరాలను కూర్చే శక్తి దానికి లేనే లేదు. అది పరికరం హద్దు, నిర్మాత తప్పు కాదు. తెలుగును పరీక్షించదలచినవాడు బొమ్మలతో నడిచే రంగస్థలంలో, ఒక సాధారణ లేఖిని తెరచి పరీక్షించాలి.

తెలుగు కుదిరిన యంత్రంలో పరీక్షించదగిన లిపి ఈ ప్రాంతంలో మరొకటి ఉన్నది. ఉత్తరాంధ్ర కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషను నేర్చి గిడుగువారు 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించారు. ఆంధ్రప్రాంతంలో సవరను తెలుగు లిపిలో వ్రాసే అలవాటు ఉన్నది. ఒడిశా వైపున 1936లో మాంగేయి గొమాంగో సొరంగ్ సోంపెంగ్ అనే ప్రత్యేక లిపిని కల్పించారు. 2012లో దానికి యూనికోడ్‌లో చోటు దొరికింది. దాని అక్షరానికి మూడు కాదు, నాలుగు బైట్లు కావాలి. తెలుగు చక్కగా చూపే యంత్రం ఈ లిపి వద్ద మళ్ళీ పెట్టెలు చూపుతుంది. నోటో ఫాంట్ల కుటుంబంలో ఈ లిపికి ఒక ఫాంటు ఉన్నది. దానిని తెచ్చి ఉంచి, పట్టికను తాజాపరచి, లేఖినిని మూసి తిరిగి తెరవాలి. పెట్టెలు అప్పటికీ పోకపోతే లొకేల్‌ను అనుమానించనక్కరలేదు. తెలుగు ఆ పొరను దాటే వచ్చింది. ఫాంట్‌కాన్ఫిగ్ చెప్పే జాబితాలో కొత్త పేరు చేరినదా లేదా అన్నది చూడాలి.