ఇంటిపేరు తండ్రిది, తెగ తల్లిది

అమెరికాలోని కాన్సస్‌లో వెర్మిలియన్ నది పక్కన గుట్ట మీద ఓ పాత శ్మశానం ఉంది. అక్కడే లూయీ వ్యూ సమాధి. తండ్రి ఫ్రెంచి, తల్లి పొటావటోమి తెగ. 1872లో పోయాడు.

ఈ తెగ సొంతూళ్లు మిషిగన్ సరస్సు చుట్టుపక్కల. 1838లో ఇండియానా నుంచి 850 మందికి పైగా పొటావటోమీలను సైనికులు తుపాకుల నీడలో కాన్సస్‌కు నడిపించారు. రెండు నెలల నడక. 40 మందికి పైగా దారిలోనే చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. అదే కాన్సస్‌లో లూయీ వంతెన కట్టి, పడమరకు పోయే తెల్లవాళ్ల బండికి డాలరు చొప్పున వసూలు చేశాడు!

ఇలాంటి కుటుంబాల వంశం వెతకడం అంత ఈజీ కాదు. మనిషికి తెగ పేరొకటి, బాప్తిస్మం పేరొకటి. ఇంటిపేరు స్పెల్లింగు కాగితానికో రకం. అందుకే చర్చి రిజిస్టరు, భూమి పంపకాల జాబితా, సమాధిరాయి... మూడూ పక్కపక్కన పెట్టి చూడాలి.

1861 ఒప్పందంతో కొందరు ఉమ్మడి భూమి వదిలి, సొంత భూమీ పౌరసత్వమూ ఎంచుకున్నారు. వాళ్లలో మిశ్రమ కుటుంబాలే ఎక్కువ. ఆ భూములు చాలావరకు చేజారాయి. తర్వాత ఓక్లహోమాకు మళ్లీ వలస.

అక్కడి షానీలో ఉన్న సిటిజన్ పొటావటోమి నేషన్ ఇప్పుడు రక్తం శాతం లెక్కపెట్టదు, వంశం తెగకుండా ఉంటే చాలంటుంది. అంటే పాత జాబితాలో ముత్తవ్వ పేరు దొరికితే, మునిమనవరాలికి తెగలో చోటు దొరికినట్టే.