మంచు రాణి మిఠాయి

నూరేళ్లుగా మంచు కరగని లోకం నార్నియా. సి.ఎస్.లూయిస్ పిల్లల కోసం రాయగా 1950లో వచ్చిన నవలలోది. యుద్ధానికి భయపడి లండన్ నుంచి పల్లెకు పంపేసిన నలుగురు పిల్లలు బట్టల బీరువాలోంచి అక్కడికి వెళతారు. 1939లో లూయిస్ ఇంటికీ అలాంటి పిల్లలే వచ్చారు మరి!

వారిలో ఎడ్మండ్, మంత్రగత్తె పెట్టిన టర్కిష్ డిలైట్‌కు లొంగిపోయి, అన్నను, అక్కను, చెల్లిని తీసుకొస్తానని మాటిచ్చేస్తాడు. ఇంతోటి మిఠాయికా? అని తేలిగ్గా తీసేయకండి. ఆ పుస్తకం వచ్చేనాటికి బ్రిటన్‌లో మిఠాయిలు రేషన్ మీదే. 1949లో కట్టడి ఎత్తేస్తే జనం ఎగబడ్డారు. కొన్ని నెలలకే మళ్లీ పెట్టారు. 1953 దాకా అంతే.

తర్వాత ఎడ్మండ్ ఆమె కోటకే వెళ్లి మిఠాయి అడుగుతాడు. ఇనుప పళ్లెంలో వచ్చింది, ఎండు రొట్టె ముక్క!