దుబాసీకి అర్థం కాని మాట

ఆ మధ్యాహ్నం కంకర కోసం వచ్చిన లారీ ఖాళీగానే వెళ్లిపోయింది. బీజాపూర్ శివార్లలో రోడ్డు పనులు చేయిస్తున్న ఒక గుత్తేదారు క్యాంపులో జరిగిన సంగతి ఇది. గంటన్నరసేపు వరుసలో నిలబడిన డ్రైవరు చిరాకు పడుతూంటే, రాయపూర్ నుంచి కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు కుర్రవాడు అతని భుజం తట్టి, "లోడ్ మత్ లో, భయ్యా" అన్నాడు. ఈనాటి హిందీ యువకుల వాడుకలో దానికి 'మనసు కష్టపెట్టుకోకు' అని అర్థం. యాభై దాటిన ఆ డ్రైవరుకు మాత్రం అది 'సరుకు ఎత్తుకోవద్దు' అన్న ఆజ్ఞగానే వినిపించింది. మారుమాట లేకుండా బండి తిప్పి భోపాలపట్నం దారి పట్టాడు. సంగతి తెలిసి ఫోను చేసేసరికి నలభై కిలోమీటర్లు దాటిపోయాడు.

క్యాంపంతా పగలబడి నవ్వింది. నవ్వనివాడు ఒక్కడే. జమాఖర్చులు చూసే పెద్ద గుమాస్తా. ఆ డ్రైవరు స్థానంలో తానున్నా బండి తిప్పేవాడినేనని ఆయనకు తెలుసు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియకూడదని కూడా ఆయన కోరిక.

బీజాపూర్ అనగానే చాలామందికి గోల్‌గుంబజ్ గుర్తుకొస్తుంది. అది కర్ణాటకలోది, 2014 నుంచి దాని పేరు విజయపుర. ఈ బీజాపూర్ ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన ఉంది. 2007లో దంతేవాడ నుంచి విడిపోయి ప్రత్యేక జిల్లా అయింది. ఈ జిల్లాలోని భోపాలపట్నం వైపున ఇంద్రావతి వెళ్లి గోదావరిలో కలుస్తుంది. ఒక ఒడ్డున మహారాష్ట్ర, ఇంకొక వైపున తెలంగాణ. హైదరాబాదు, వరంగల్, ఏటూరునాగారం మీదుగా వచ్చే 163వ జాతీయ రహదారి భోపాలపట్నం దగ్గరే ముగుస్తుంది. కచేరీలో హిందీ, సంతలో హల్బీ, పల్లెల్లో గోండీ, తెలుగు నీళ్లు బాగా తాగిన దోర్లల మాట, కొన్ని ఇళ్లలో అచ్చంగా తెలుగు. ఒకే మనిషి పొద్దున్నించి రాత్రిలోగా నాలుగు భాషలు మార్చడం ఇక్కడ పాండిత్యం కాదు, బతుకుతెరువు.

పెద్ద గుమాస్తాది భోపాలపట్నం. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, ఆటస్థలంలో గోండీ నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఆయనకు పేరు తెచ్చింది లెక్కలు కాదు, దుబాసీతనం. ఒకసారి మైదాన ప్రాంతం నుంచి వచ్చిన తెలుగు మేస్త్రీ, కూలీలు "ఏర్, ఏర్" అని అడుగుతూంటే దగ్గరలో ఏరు ఉందని చెబుతున్నారనుకుని తల ఊపుతూ కూర్చున్నాడట. గోండీలో ఏర్ అంటే నీళ్లు. ఎండలో వాళ్లు దాహమని మొత్తుకుంటున్నారని విప్పి చెప్పింది ఈయనే. ఆనాటి నుంచి ఏ తగాదా వచ్చినా, ఏ ఒప్పందం కుదరాలన్నా "పెద్దాయనను పిలవండి" అనేవారు. ఆ పిలుపు ఆయనకు జీతం కన్నా ఎక్కువ.

అలాంటి క్యాంపులోకి రెండేళ్ల కిందట ముగ్గురు పిల్లలు ఉద్యోగానికి వచ్చారు. రాయపూర్ కుర్రవాడు ఒకడు, వరంగల్ నుంచి వచ్చిన ఇంజనీరు ఒకడు, జగదల్‌పూర్‌లో డిగ్రీ చదువుకుని కంప్యూటరు పనికి కుదిరిన దోర్ల అమ్మాయి ఒకతె. ముగ్గురివీ మూడు మాతృభాషలు. మధ్యలో ఒక దుబాసీ కావాలని ఎవరైనా అనుకుంటారు. కానీ వారం తిరక్కుండానే ముగ్గురూ కలిసి ఏదో ఒక భాషలో గలగలా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అది హిందీ కాదు, తెలుగు కాదు, ఇంగ్లీషు అంతకన్నా కాదు. సినిమాల నుంచీ, చేతిలోని ఫోన్ల నుంచీ రాలిన ముక్కలతో అల్లుకున్న భాష. ఆయనకు అందులోని మాటలన్నీ తెలుసు, అర్థం ఒక్కటీ తెలియదు. "మన సార్ తోపు" అన్నారు. తోపంటే ఆయనకు మామిడితోపే. "సినిమా కిరాక్" అన్నారు. కిరాకు తిరిగి ఎగ్గొట్టారేమో అనుకున్నాడు. ఏదో పొరపాటు ఎత్తి చూపితే "లైట్ తీసుకోండి అంకుల్" అన్నాడు వరంగల్ కుర్రవాడు. తనను తేలిక చేసి మాట్లాడాడని రెండు రోజులు ముఖం చూడలేదు.

అన్నిటికన్నా ఆయనను ఉలికిపడేట్టు చేసింది 'అన్నా' అన్న మాట. ఆ పిల్లలు క్షణానికొకసారి ఒకరినొకరు 'అన్నా' అనుకుంటారు. ఆయన తరంలో, గోదావరికి అటూ ఇటూ, 'అన్నలు' అంటే ఒకటే అర్థం: తుపాకులతో అడవిలో తిరిగేవాళ్లు. ఆ మాట వినపడితే కిటికీ రెక్క మూసేవారు. హిందీలో అయితే 'అందర్ వాలే', అంటే లోపలివాళ్లు. 2005లో సల్వాజుడుం మొదలై, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన రోజుల్లో మనుషులు పేర్లు పలకడమే మానుకున్నారు. ఎవరు వచ్చారు, ఎవరు పోయారు అన్న కబురు సగం మాటల్లో, కనుబొమల్లో నడిచేది. ఆలోచిస్తే అదీ ఒక గుప్తభాషే. పనిచోట ఆ తరం కల్పించుకున్న పరిభాష అది. భయంలోంచి పుట్టింది కనుక దాన్ని ఎవరూ సరదాగా వాడలేదు, పిల్లలకు నేర్పలేదు. ఇప్పుడు అదే మాటను నోటినిండా నవ్వుతూ పిలుచుకుంటున్న పిల్లలను చూస్తే ఆయనకు కోపం రావాలో సంతోషం కలగాలో తెలిసేది కాదు.

తెలియనప్పుడు అడగవచ్చు కదా అని పాఠకులకు తోచవచ్చు. ముప్పై ఏళ్లు నలుగురికీ అర్థాలు చెప్పినవాడు ఇరవై రెండేళ్ల పిల్లవాడి ముందు నిలబడి "దీని అర్థమేమిటి?" అని అడగడం ఎంత కష్టమో ఆ స్థితిలో ఉన్నవారికే తెలుస్తుంది.

మృగశిర కార్తె దగ్గరపడింది. వానలు దిగితే ఆ దారుల్లో పని సాగదు. ఒక వాగు మీద వేయవలసిన సిమెంటు తూము గొట్టాలు వరంగల్ నుంచి రావాలి. లారీ యజమానికి సగం కిరాయి ముందే ఇచ్చారు. మిగతా ఇరవై నాలుగు వేలు సరుకు దిగాక ఇవ్వాలి. ఆ సాయంత్రం ముప్పై కిలోమీటర్ల అవతలి పనిచోటు నుంచి వరంగల్ కుర్రవాడు ఫోను చేశాడు. "అంకుల్, పైపుల లారీ ఆయన హ్యాండిచ్చిండు. పేమెంటు..." అంతవరకే వినిపించింది. అడవి దారిలో సిగ్నలు తెగిపోయింది.

హ్యాండంటే చెయ్యి. చెయ్యి ఇవ్వడమంటే ఆయన ఎరిగిన తెలుగులో ఆదుకోవడం. వాన ముంచుకొచ్చే వేళ మాట నిలబెట్టుకున్నాడు, మంచివాడు, ఇలాంటివాడికి డబ్బు ఆలస్యం చేయకూడదు అనుకుని, ఆయన అప్పటికప్పుడే మిగతా సొమ్ము పంపించేశాడు. కొత్త తెలుగులో చెయ్యివ్వడమంటే నమ్మించి ఎగవేయడమని, గోదావరికి ఆవల అది ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న మాటేనని ఆయనకు చెప్పినవారు లేరు. భోపాలపట్నంలోని ఆయన తెలుగు తాతలనాటి తెలుగు. అది నది దాటి సినిమాకు వెళ్లింది తక్కువ.

లారీ రాలేదు. ఎక్కువ కిరాయి దొరికిన చోటికి వెళ్లిపోయింది. యజమాని ఫోను మోగడం మానేసింది. ఆ వాగు దగ్గర పని దీపావళి దాకా ఆగిపోయింది. అవతలి ఊళ్లవాళ్లు ఆ వానకాలమంతా పాతరోజుల్లో మాదిరే నడుములోతు నీళ్లలో దాటారు.

గుత్తేదారు వచ్చి, డబ్బు ఎవరు పంపమన్నారని అడిగాడు. పెద్ద గుమాస్తా, "సైటు నుంచి ఫోను వచ్చింది" అన్నాడు.

అందులో అబద్ధమన్న అక్షరం లేదు. అంతకన్నా పెద్ద అబద్ధం ఆయన జీవితంలో ఆడి ఉండడు. సొమ్ము కుర్రవాడి జీతంలోంచి కోయమని గుత్తేదారు ఆజ్ఞాపించాడు. కుర్రవాడు తలవంచుకుని నిలబడ్డాడే తప్ప వాదించలేదు. సిగ్నలు తెగినప్పుడు తన మాట ఎలా చేరిందో అతనికీ తెలియదు. ఆ రాత్రి పెద్దాయన అన్నం ముందు కూర్చుని లేచాడు. ఏ మేస్త్రీనైతే ముప్పై ఏళ్లుగా కథగా చెప్పి నవ్విస్తున్నాడో, నీళ్లడిగితే ఏరు వెతికిన ఆ మేస్త్రీ, ఆ రాత్రంతా ఆయనకు ఎదురుగా కూర్చున్నాడు.

తెల్లవారాక వెళ్లి నిజం చెప్పాడు. "ఆ మాట నాకు అర్థం కాలేదు. అర్థమైందనుకున్నాను." సొమ్ము నాలుగు నెలలపాటు ఆయన జీతంలోంచే కోశారు. సాయంత్రం కుర్రవాడు బిడియపడుతూ వచ్చి, "నేను సక్కగ చెప్తే అయిపోవు అంకుల్. మీరు లైట్ తీసుకోండి" అన్నాడు.

"లైట్ తీసుకోవడమంటే ఏమిటి, బిడ్డా?" అని ఆయన అడిగాడు. రెండేళ్లలో అది మొదటి ప్రశ్న.

పెద్దలకు ఈ గొడవ కొత్తది కాదు. 1710లో ఇంగ్లండులో జోనథన్ స్విఫ్ట్ 'టాట్లర్' పత్రికలో కుర్రకారు మాటలను ముక్కలుగా నరికి భాషను పాడుచేస్తున్నారని మండిపడ్డాడు. ఆయన ఏవగించుకున్న మాటల్లో గుంపు అనే అర్థమున్న 'మాబ్' ఒకటి. అది పొడవైన లాటిన్ పలుకుబడికి తోక కోసిన రూపం. ఇవాళ అది లేని ఇంగ్లీషు నిఘంటువు లేదు. మన గురజాడ 1892లో ప్రదర్శింపజేసి, 1897లో అచ్చువేయించిన 'కన్యాశుల్కం'లో గిరీశం మాటల మాయ కూడా ఇలాంటిదే. ఇంట్లోవాళ్లకు అర్థం కాకపోవడమే ఆ ఇంగ్లీషు బలం. రైతులు పొలంలో వాడే మాటలను జిల్లాలవారీగా ఏరించి భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వృత్తిపదకోశం వెలువరించారు. దుక్కి మాటలకు ఆ భాగ్యం కలిగింది. లారీల క్యాంపులో నిన్న పుట్టి రేపు మాయమయ్యే మాటలను ఎవరు ఏరుతారు? ఏరినా, పుస్తకం అచ్చయ్యేసరికి పిల్లలు వాటిని వదిలేసి ఉంటారు.

పెద్ద గుమాస్తా మాత్రం హాజరు పుస్తకం చివరి పుటల్లో మొదలుపెట్టాడు. దోర్ల అమ్మాయి గురువు. "కాకా, ఇది రాసుకో" అని చెబుతుంది. బదులుగా ఆయన తన దగ్గరున్న పాత గోండీ మాటలు చెబుతాడు. కాలేజీ హాస్టల్లో చాలా ఏళ్లు గడిపిన ఆ పిల్లకు వాటిలో కొన్ని కొత్త. తన నాయనమ్మ అనేదని గుర్తుకొచ్చి, ఒక్కోసారి పని ఆపి కూర్చుండిపోతుంది. ఎడమవైపు పిల్లల మాటలు, కుడివైపు ముసలివాళ్ల మాటలు. 'హ్యాండిచ్చు' అన్నదాని ఎదురుగా అర్థం రాయలేదు; రూ. 24,000 అని మాత్రం వేసుకున్నాడు.

ఫోనులో సగం మాట వినిపించి తెగిపోతే ఇప్పుడాయన మళ్లీ చేస్తాడు. తగలకపోతే మళ్లీ చేస్తాడు. "ఎన్నిసార్లడుగుతారు అంకుల్" అని కుర్రవాళ్లు విసుక్కుంటే విననట్టుంటాడు.

పుస్తకంలో ఒక మాటకు ఎదురుగా ఇప్పటికీ ఖాళీయే. వరంగల్ కుర్రవాడు భోజనం వేళ కంప్యూటరు గది గుమ్మంలో నిలబడి అమ్మాయితో ఎంతకూ తెమలని కబుర్లు చెబుతూంటే, రాయపూర్ వాడు కొత్తగా పట్టుబడిన తెలుగులో "అన్న పులిహోర కలుపుతున్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దాయన నియమం ప్రకారం పుస్తకం తెరిచి, అర్థం అడిగాడు. కుర్రవాడు ఎర్రబడి, "ఏం లేదంకుల్, పండగకు మా అమ్మ చేసి పంపింది" అన్నాడు. గురువుగారిని అడిగితే ఆమె కంప్యూటరు తెర మీద నుంచి తల ఎత్తలేదు. ఇంట్లో పడుచువాళ్లున్న పాఠకులు వారిని అడిగి చూడవచ్చు.