భద్రాద్రి బాటలో తేలిక డేరా

ఖమ్మము నుండి వైరా, తల్లాడ, కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు సుమారు 120 కిలోమీటర్లు. సైకిలుపై బోవువారికి రెండు దినముల యాత్ర. బొగ్గుగనుల కొత్తగూడెము దాటిన పిమ్మట టేకు, తునికి, ఇప్పచెట్ల యడవి కానవచ్చును. నేడు మన సోదరీమణులు కొందఱు ఇట్టి యాత్రలకు బూనుచున్నారు. “రాత్రి యెక్కడ పరుందురు?” అని యింటి పెద్దలడుగుట సహజము. దానికి సరియైన సమాధానము చెప్పగలిగిననే యాత్ర సాగును. కావున డేరా నెంచుకొనుట చిన్న విషయము కాదు.

అంగడిలో డేరాను చేతబట్టి తేలికగా నున్నదని మురియుట చాలదు. కిలోకు లోబడిన డేరాలును గలవు. కాని వాని గుడ్డ మిక్కిలి పలుచన, వెల మిక్కిలి హెచ్చు. ముండ్లుగల యడవినేలపై అది శీఘ్రముగ చిరుగును. ఇద్దఱు పరుండదగిన డేరా రెండు, రెండున్నర కిలోలున్నను సైకిలునకు బరువు కాదు. ఒంటిగుడ్డ డేరాలు మన యుక్కకు తగవు. లోపలివారి యూపిరియే చెమ్మయై, తెల్లవారుసరికి బిందువులుగా మీద రాలును. లోపల దోమతెరవంటి వలగుడ్డయు, దానిపై వేఱుగా వానగుడ్డయు నున్నదే మేలు. వానలేని రాత్రి పైగుడ్డ తీసివేసిన గాలి వచ్చును, దోమ రాదు. మలేరియాకు పేరుపడిన మన్యములో బరువు తగ్గించుకొనుటకై ఈ వలను మాత్రము విడువరాదు.

కడ్డీలతో తనంత తాను నిలుచు డేరానే కొనుడు. మేకులపైననే యాధారపడునది రాతినేలలో గాని, బడి వరండాలో గాని నిలువదు. కడ్డీలు అల్యూమినియపువై, మడిచినపుడు మూరకు మించకుండవలెను. వానగుడ్డ 2000 మిల్లీమీటర్ల నీటి యొత్తిడికి నిలుచునదియు, కుట్లపై పట్టీ యతికినదియునై యుండవలెను. కొన్న దినముననే పెరటిలో వేసి, నాలుగు బిందెల నీరు పోసి చూడుడు. తడిసిన డేరాను ఆరబెట్టకయే మడిచిన బూజు పట్టును.

ఎంత మంచి డేరాయైనను చోటెఱిగి వేయవలెను. వానకాలమున గోదావరి యిసుకతిన్నె తగదు. ఇచట చినుకు లేకున్నను ఎగువ వానలకు నది పెరుగును. భద్రాచలమువద్ద మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే యిత్తురు; 2022 జూలైలో నీరు 71.3 అడుగులకు చేరినది. కిన్నెరసాని అభయారణ్యములో అటవీశాఖ యనుమతిలేక విడియరాదు. ఇప్పపూలు రాలు దినములలో ఆ చెట్లక్రింద డేరా వేయరాదు. ఆ పూలకై ఎలుగుబంట్లు వచ్చును. కోయపల్లెలలో పెద్దల నడిగి, ఇండ్లకు దాపున వేసికొనుట అన్నిటికంటె క్షేమము.

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున పర్ణశాల గలదు. సీతారాములు వనవాసమున ఆకుల పాక వేసికొనిన తావదియే యని జనుల విశ్వాసము. ఆకుల యిల్లు ఉన్నచోటనే కట్టుకొనవచ్చును. మన గుడ్డయిల్లు మాత్రము ప్రతి మెరకపైకిని మన కాళ్లే మోయవలెను. అందుచే ఇద్దఱు కలిసి పోవునపుడు ఒకరు గుడ్డను, మఱియొకరు కడ్డీలను మోసిన బరువు సగమగును. సాయంకాలమునకు ఇద్దఱు నొకచోట చేరిననే గాని యిల్లు నిలువదు గనుక, దారిలో ఒకరినొకరు విడిచిపోవుటయు నుండదు.